పీణ్య చిన్న యూనిట్లకు స్మెటా ఆడిట్: పెట్టిన డబ్బుకు తగ్గ సరుకేనా?

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో ప్రెస్ షాపో, సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మెషిన్ల) షెడ్డో నడిపేవాళ్లకు ఈమధ్య కస్టమర్ దగ్గర్నుంచి డ్రాయింగు, పీవో (కొనుగోలు ఆర్డరు)తో పాటు ఇంకో మెయిల్ కూడా వస్తోంది. సెడెక్స్‌లో చేరండి, స్మెటా ఫోర్ పిల్లర్ ఆడిట్ చేయించండి, రిపోర్టు మాకు కనబడేలా లింక్ చేయండి, లేకపోతే వెండర్ కోడ్ హోల్డ్‌లో పెడతాం అని. సప్లయర్ల దగ్గర బాధ్యతగల పద్ధతులు పెంచుతున్నామని పెద్ద కంపెనీలు వార్షిక నివేదికల్లో రాసుకునేది కింది దాకా దిగొచ్చేసరికి ఇలా మారుతుంది: ఒక కోడ్ ఆఫ్ కండక్ట్ మీద సంతకం, ఒక ప్రశ్నావళి, ఒక ఆడిట్. ఈ సమీక్ష ఆ ఆడిట్ గురించే, అంటే ఫ్యాక్టరీలో జీతాలు, పనిగంటలు, భద్రత లాంటివి చూసే స్మెటా గురించి. 50 నుంచి 300 మంది దాకా పనిచేసే ఇంజినీరింగ్ యూనిట్ దీన్ని డబ్బిచ్చి కొంటే చేతికి ఏమొస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది అన్నది చూద్దాం.

ఇంత తొందర ఎందుకొచ్చిందంటే పైనుంచి చట్టాలు తోస్తున్నాయి. జర్మనీ సప్లై చైన్ చట్టం 2023 జనవరి నుంచి 3,000 మంది ఉద్యోగులున్న కంపెనీలకు, 2024 నుంచి 1,000 మంది ఉన్నవాటికి వర్తించింది. ఇక్కడ సెబీ, బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ (పర్యావరణ, సామాజిక బాధ్యతల వెల్లడి నియమాలు) కింద మొదటి 250 లిస్టెడ్ కంపెనీలను తమ వాల్యూ చైన్ వివరాలు కూడా చెప్పమంటోంది. కొనుగోళ్లలో గానీ అమ్మకాల్లో గానీ విలువలో 2 శాతం, ఆపైన వాటా ఉన్న భాగస్వాములు ఆ లెక్కలోకి వస్తారు. 2025లో గడువు ఒక ఏడాది జరిపి ప్రస్తుతానికి స్వచ్ఛందం చేశారు. అయినా మెయిళ్లు ఆగలేదు. పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో ఒకసారి చెక్‌లిస్టులో చేరిన గడి మళ్లీ ఖాళీ కాదు.

మార్కులు ముందే చెప్పేస్తాం: 5కి 3. జీతాలు, పనిగంటల్లో తేడాలు పట్టుకోవడంలో 4కి తగ్గదు. మీ షెడ్డు గోడ దాటిందంటే సున్నా.

కొనేదేమిటో మొదట తెలియాలి. సెడెక్స్ అనేది లండన్‌లో ఉన్న సభ్యత్వ సంస్థ, సమాచారం పెట్టుకునే ప్లాట్‌ఫామ్. అది ఎవరినీ ఆడిట్ చేయదు. ఆడిట్ చేసేది వేరే ఆడిట్ కంపెనీలు, వాళ్లు వాడే పద్ధతి పేరు స్మెటా. కాబట్టి బిల్లులు రెండు: ఏటా సెడెక్స్‌కు సభ్యత్వ రుసుము, ఆడిట్ కంపెనీకి మనిషి-రోజుల చొప్పున ఫీజు. ఆడిట్ కొటేషన్‌లో ప్రయాణం, రిపోర్టు అప్‌లోడ్, తర్వాతి ఫాలో-అప్ విజిట్ కలిపారా లేదా అన్నది విడివిడిగా రాయించుకోండి. ఫాలో-అప్ చాలామంది మర్చిపోతారు. తర్వాత అదే కుంపటి అవుతుంది.

'సెడెక్స్ సర్టిఫికెట్ ఇప్పిస్తాం' అని ఎవరైనా బోర్డు పెడితే ఆ మెట్టు ఎక్కకండి. అలాంటి సర్టిఫికెట్ లేదు. స్మెటాలో పాస్, ఫెయిల్ ఉండవు. దొరికిన లోపాల జాబితా, వాటిని ఎప్పటిలోగా సరిచేస్తారన్న ప్రణాళిక, బాగున్న పద్ధతులు ఉంటే వాటి ప్రస్తావన, అంతే. ఆ జాబితా చూసి మిమ్మల్ని ఉంచాలా వద్దా అన్నది కొనేవాడి ఇష్టం. సర్టిఫికెట్టే కావాలంటే అది కార్మిక ప్రమాణాలకిచ్చే ఎస్‌ఏ 8000, మూడేళ్లకొకసారి చుట్టు తిరిగే వేరే వ్యవహారం. 100 మంది యూనిట్‌కు దాని నిర్వహణ భారం ఎక్కువ.

టూ పిల్లర్ అంటే కార్మిక ప్రమాణాలు, ఆరోగ్య భద్రత. ఫోర్ పిల్లర్ అంటే వాటికి పర్యావరణం, వ్యాపార నైతికత కలుస్తాయి. పునాది ఈటీఐ (ఎథికల్ ట్రేడింగ్ ఇనిషియేటివ్) వాళ్ల కార్మిక నియమావళి అయిన బేస్ కోడ్, దానితో పాటు స్థానిక చట్టం. రెండింట్లో కార్మికుడికి ఏది ఎక్కువ రక్షణ ఇస్తే అది. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన 7వ వెర్షన్‌లో ప్రతి అంశానికీ మీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ఎలా ఉందో కూడా అంచనా వేస్తున్నారు. అంటే మంటలార్పే సిలిండర్ ఉంటే సరిపోదు. దాన్ని ఎవరు చూసుకుంటారు, ఎన్నాళ్లకు, చూడకపోతే ఎవరికి తెలుస్తుంది అన్నది కాగితం మీద ఉండాలి. చిన్న యూనిట్లు తడబడేది ఇక్కడే. పని జరుగుతుంది, కానీ ఎవరి పేరూ రాసి ఉండదు.

రిజిస్ట్రేషన్‌లో కంపెనీకి జెడ్‌సీతో మొదలయ్యే కోడ్, ఒక్కో స్థలానికీ జెడ్‌ఎస్‌తో మొదలయ్యే కోడ్ వస్తాయి. మెషినింగ్ ఒక ఫేజ్‌లో, అసెంబ్లీ రెండు వీధుల అవతల ఉంటే స్థలాలు రెండు, ఆడిట్లూ రెండు. పీణ్యలో అద్దె షెడ్లు మారుతూనే ఉంటాయి కాబట్టి ఫ్యాక్టరీ లైసెన్సులో ఒక ప్లాట్ నంబరు, జీఎస్టీలో ఇంకోటి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతిలో పాత షెడ్డు అడ్రసు ఉండటం మామూలే. ఆడిటర్ పొద్దున కూర్చోగానే చూసేది ఇదే. మూడింటిలోనూ అడ్రసు ఒకటి కాకపోతే ఆడిట్‌కు ముందే సవరణకు దరఖాస్తు పెట్టి, ఆ రసీదు ఫైల్లో ఉంచండి.

మనిషి-రోజులు కార్మికుల సంఖ్యను బట్టి ఉంటాయి. 6.1 వెర్షన్ పట్టికలో 100 మంది వరకు ఒక ఆడిటర్ రోజు, 10 మందితో ఇంటర్వ్యూ. 101 నుంచి 500 వరకు రెండు రోజులు, 26 మంది. ఫోర్ పిల్లర్‌కు అదనపు సమయం ఉంటుంది. 7వ వెర్షన్‌కు ఎన్ని రోజులన్నది కొటేషన్‌లో అడిగి రాయించుకోండి. సంఖ్య చెప్పేటప్పుడు కాంట్రాక్ట్ హెల్పర్లు, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ అందరినీ కలపాలి. ఫీజు తగ్గుతుందని రోల్ మీదున్న 85 మందినే చూపి, వచ్చాక గేటులో 140 మంది కనబడితే ఆడిటర్‌కు రోజులు చాలవు. రిపోర్టు అసంపూర్ణమవుతుంది, దాచారన్న మచ్చ మొదటి పేజీలోనే పడుతుంది.

రోజు ఎలా నడుస్తుందంటే: ఓపెనింగ్ మీటింగ్, షాప్‌ఫ్లోర్ చుట్టూ తిరగడం, కార్మికులతో మాటలు, రికార్డులు, చివర క్లోజింగ్ మీటింగ్‌లో లోపాల జాబితా మీద ఇరుపక్షాల సంతకాలు. 12 నెలల జీతాల, హాజరు రికార్డులు సిద్ధంగా ఉండాలి. సాధారణంగా వాటిలోంచి మూడు నెలలు తీస్తారు: బాగా రద్దీగా ఉన్నది, మందకొడిగా ఉన్నది, ఈమధ్యది. పీణ్యలో రద్దీ నెల చెప్పక్కర్లేదు. మార్చి.

ఈ సేవ తన డబ్బు రాబట్టుకునేది జీతాల దగ్గరే. ఒక్క స్లిప్ తీసుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి నెలకు రూ. 18,200 జీతం అనుకోండి. 26 రోజులతో భాగిస్తే రోజుకు 700, 8 గంటలతో భాగిస్తే గంటకు 87.50. ఓటీ (ఓవర్‌టైమ్) రేటు రెట్టింపు కాబట్టి గంటకు 175. ఆ నెలలో 20 గంటల ఓటీ చేస్తే 3,500 రావాలి. చాలా షెడ్లలో హెల్పర్‌కు వచ్చేది సింగిల్ రేటు, అంటే 1,750. అది కూడా స్లిప్‌లో ఉండదు. 'ప్రొడక్షన్ ఇన్సెంటివ్' అన్న పేరుతోనో, కాంట్రాక్టర్ చేతి మీదుగా కవర్లోనో వస్తుంది. 40 మంది హెల్పర్లుంటే తేడా నెలకు 70,000, ఏడాదికి 8.4 లక్షలు. స్మెటా ఫీజు ఎంతని బేరమాడే యజమాని ముందు లెక్క వేయాల్సింది ఈ సంఖ్య. ఎందుకంటే లోపం బయటపడితే రేటు సరిచేస్తే చాలదు, బకాయిలు బ్యాంకు ద్వారా చెల్లించిన రుజువు కూడా అడగొచ్చు.

దాచి గట్టెక్కుదామనేవాళ్లు రెండు రిజిస్టర్లు పెడతారు. ఆడిట్ కోసం ఒకటి, అసలుది ఒకటి. ఇది ఎలా దొరుకుతుందో తెలిస్తే ఆ ఆలోచనే రాదు. అనుభవమున్న ఆడిటర్ హాజరు పట్టీ మీద కాలం వృథా చేయడు. క్వాలిటీ రూముకెళ్లి ఇన్‌స్పెక్షన్ రిపోర్టుల కట్ట అడుగుతాడు. మార్చి నెలలో ఒక ఆదివారం తేదీతో, ఇన్‌స్పెక్టర్ సంతకంతో, 1,200 బ్రాకెట్ల ఫస్ట్ పీస్ అప్రూవల్ ఉంటుంది. ఆ రోజు హాజరు పట్టీలో అందరికీ వారాంతపు సెలవు. తర్వాత సెక్యూరిటీ గేటు పుస్తకం, డీజిల్ జనరేటర్ లాగ్, డెలివరీ చలాన్, ప్రథమ చికిత్స రిజిస్టర్. ఆదివారం వేలికి కట్టు కట్టించుకున్న వాడి పేరు అందులో ఉంటే కథ ముగిసినట్టే. ఆదివారం పని చేయించడం సరిదిద్దుకోగల లోపం. దాన్ని దాచడం నిజాయితీకి సంబంధించిన విషయం, కొనేవాళ్లు తీవ్రంగా చూసేది దాన్నే. నిజం చెప్పిన యూనిట్‌కు సరిచేసుకునే గడువు దొరుకుతుంది.

గంటల పరిమితి దగ్గర కూడా ఒక మాట. ఈటీఐ కోడ్ ప్రకారం వారానికి మామూలు పని 48 గంటలు, ఓటీతో కలిపి 60, ఏడు రోజుల్లో ఒక రోజు సెలవు. 60 దాటడానికి మినహాయింపులున్నాయి గానీ 'మార్చిలో ఆర్డర్లు ఎక్కువ' అనేది మినహాయింపు కాదు. ఏటా వచ్చే రద్దీ అనుకోకుండా వచ్చినది ఎలా అవుతుందని అడుగుతారు. అడిగితే తప్పేముంది?

ఇంటర్వ్యూల నాణ్యత పూర్తిగా భాష మీద ఆధారపడి ఉంటుంది. ఈ సేవలో హెచ్చుతగ్గులు ఎక్కువగా కనబడేది కూడా ఇక్కడే. పీణ్య షెడ్డులో ఆపరేటర్ ఒడియా, టర్నర్ కన్నడ, మెషిన్ పక్కన తట్ట మోసేవాడు హిందూపురం, మడకశిర, కదిరి వైపు తెలుగు కావొచ్చు. ఆడిటర్‌కు కన్నడ, హిందీ వస్తే చాలనుకుని పంపిస్తారు. హిందూపురం వాడికి కన్నడ వచ్చు గదా అంటారు. వచ్చు, సంతలో బేరానికి సరిపడా వచ్చు. కోత గురించి, మేస్త్రీ గురించి, లేబర్ కాంట్రాక్టర్ పట్టుకున్న అడ్వాన్సు గురించి చెప్పడానికి సొంత మాట కావాలి. 'అన్నా, ఓటీ దుడ్లు స్లిప్పులో వస్తాయా, చేతికిస్తారా?' అని అడిగితే 'మేస్త్రీ ఇస్తాడు సార్, శనివారం' అని టక్కున జవాబొస్తుంది. అదే ప్రశ్న హిందీలో వేస్తే 'సబ్ ఠీక్ హై' వస్తుంది. బుకింగ్ ఫారంలోనే కార్మికుల భాషలు, ఒక్కో భాష మాట్లాడేవాళ్లు ఎందరో రాయండి. ఆ భాష తెలిసిన ఆడిటర్‌నో, యూనిట్‌తో సంబంధం లేని అనువాదకుణ్నో అడగండి. మీ హెచ్‌ఆర్ సూపర్‌వైజర్‌ను అనువాదకుడిగా కూర్చోబెడితే ఆ ఇంటర్వ్యూకు విలువ ఉండదు.

ఆడిటర్ ఎవరో ముందే తెలుసుకోవచ్చు. సోషల్ ఆడిటర్లకు ఆప్స్కా అనే వృత్తి సంఘం ఉంది, సభ్యత్వ నంబరు దాని వెబ్‌సైట్లో వెతకొచ్చు. వచ్చిన మనిషి, నంబరు ఒకటేనా అని గేటు దగ్గరే చూడండి. బహుమతులు, కవర్లు వద్దు. 'ఇంత ఇస్తే లోపాలు తగ్గిస్తాం' అని మధ్యలో ఎవరైనా అంటే ఆ ఆడిట్ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. ఆఫర్ ఇచ్చింది యూనిట్టే అని తేలితే మాత్రం అది వ్యాపార నైతికత కింద నేరుగా మీ ఖాతాలో పడుతుంది.

కాంట్రాక్ట్ కార్మికుల పీఎఫ్ దగ్గర పదే పదే జరిగే పొరపాటు ఇది. కాంట్రాక్టర్ చలాన్ ఇస్తాడు, డబ్బు కట్టిన మాట నిజమే. కానీ ఈసీఆర్ (ఎవరి పేరున ఎంత కట్టారో చూపే పీఎఫ్ రిటర్ను) తీస్తే అందులో అతను మనుషుల్ని పెట్టిన ఆరు కంపెనీల పేర్లు కలగలిసి ఉంటాయి, మీ 40 మందిలో 11 మంది పేర్లు ఉండవు. పీఎఫ్ గానీ ఈఎస్ఐ గానీ తర్వాతి నెల 15లోగా కట్టాలి. ఆ తేదీ దాటాక కాంట్రాక్టర్ బిల్లు పాస్ చేసేముందు, మీ కార్మికుల యూఏఎన్‌లు (పీఎఫ్ నంబర్లు) గుర్తుపెట్టిన ఈసీఆర్, మీ సొంత హాజరు పట్టీ పక్కపక్కన పెట్టి టిక్ కొట్టే పని అకౌంట్స్‌లో ఒకరికి అప్పగించండి. నెలకు అరగంట పని. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, వేతనం అనే మాటకు నిర్వచనం మారింది. అలవెన్సుల వాటా సగం దాటిన పాత జీతాల నిర్మాణం ఉంటే ఆడిట్‌కు ముందే దాన్ని తిరగరాయించుకోవడం మంచిది.

షాప్‌ఫ్లోర్ మీద ఎక్కువగా రాసేవి ఊహించదగ్గవే. స్క్రాప్ పోతుందని తాళం వేసిన వెనక తలుపు. ప్యాలెట్ల వెనక దాక్కున్న అగ్నిమాపక సిలిండర్, 15 మీటర్ల లోపు నడిస్తే చేతికి అందాల్సింది. ఏడాది దాటినా పరీక్ష చేయించని క్రేన్ గొలుసులు. ఇవన్నీ ఒక వారంలో తీరేవి. తీరనిది పవర్ ప్రెస్. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే ర్యామ్ దిగాలి. కానీ షిఫ్టుకు ఇన్ని స్ట్రోకులు అని లక్ష్యం పెట్టినచోట ఒక బటన్‌కు కేబుల్ టై కట్టేసి ఉంటుంది, రెండో చెయ్యి పీస్ పెట్టడానికి ఖాళీ. ఆడిట్ రోజు ఆ టై తీసేస్తారు, బటన్ అంచున అరిగిన గీత మాత్రం ఉంటుంది, చూసే కన్నుండాలి. 'మళ్లీ కట్టొద్దని ట్రైనింగ్ ఇచ్చాం' అనేది సరైన దిద్దుబాటు కాదు. రెండు బటన్లూ అర సెకను లోపు కలిసి నొక్కితేనే, ప్రతి స్ట్రోకుకూ రెండూ వదిలి మళ్లీ నొక్కితేనే పనిచేసే సేఫ్టీ రిలే పెట్టాలి. అప్పుడు టై కట్టినా మెషిన్ కదలదు. స్ట్రోకుల లక్ష్యం కూడా దానికి తగ్గట్టు మార్చాలి. లేకపోతే ఇంకో దొంగదారి నెల తిరక్కుండా దొరుకుతుంది.

ఇప్పుడు మేం మార్కులు కోసిన చోటికి వద్దాం. ఒక బ్రాకెట్ ప్రయాణం చూడండి. ప్రెస్ షాపులో స్టాంపింగ్, ఇంకో షెడ్డులో హీట్ ట్రీట్‌మెంట్, మూడో చోట జింక్ ప్లేటింగ్, తిరిగి వచ్చి ప్యాకింగ్. స్మెటా జరిగేది మొదటి షెడ్డులో. అక్కడ నేల మీద పసుపు గీతలు, చెవులకు ప్లగ్గులు, గోడకు పాలసీలు. ఆసిడ్ తొట్లు, క్రోమియం ప్యాసివేషన్, చర్మం పగిలిన చేతులు ఉన్నది మూడో షెడ్డులో. జాబ్‌వర్క్ (బయట షెడ్లలో చేయించే పని) ఎవరికి పంపుతున్నారని ఆడిటర్ అడుగుతాడు, జాబితా రిపోర్టులో రాస్తాడు, వాళ్లను మీరు ఎలా అంచనా వేస్తారని ప్రశ్నిస్తాడు. వెళ్లి చూడడు. చూడమని ఫీజు ఎవరూ కట్టలేదు. సరఫరా గొలుసులో అన్నిటికంటే ప్రమాదం ఉన్న కొక్కెం పరీక్షకు రాకుండానే పరీక్ష అయిపోయినట్టు లెక్క.

కొనేవాళ్లలో నిజంగా పట్టింపు ఉన్నవాళ్లను ఇక్కడే గుర్తుపట్టొచ్చు. వాళ్లు ప్లేటర్ పేరు అడుగుతారు, ఒక మధ్యాహ్నం అక్కడికి మనిషిని పంపుతారు. పంపినా పంపకపోయినా ప్రెస్ షాపు యజమాని సొంతంగా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కాలుష్య నియంత్రణ మండలి నడిపే అనుమతి గడువులో ఉందా, అందులో రాసిన తొట్ల సంఖ్య, కళ్లముందున్న తొట్ల సంఖ్య ఒకటేనా. ప్లేటింగ్‌లో మిగిలే రసాయన బురద సంచులు ఎన్నాళ్లుగా ఉన్నాయి: ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు 2016 ప్రకారం 90 రోజులు, చిన్న ఉత్పత్తిదారులకు మండలి పొడిగిస్తే ఇంకొంత. దాబస్‌పేట వ్యర్థాల కేంద్రానికి పంపిన ఫారం 10 మానిఫెస్టులు (వ్యర్థాల రవాణా పత్రాలు) ఉన్నాయా, జూన్ 30లోగా ఇవ్వాల్సిన వార్షిక రిటర్ను ఫారం 4 ఇచ్చారా. నెలకు ఎంత జాబ్‌వర్క్ చేస్తున్నారో తెలిసినప్పుడు ఎంత బురద రావాలో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మానిఫెస్టుల్లో అందులో పదో వంతే ఉంటే మిగతాది ఎటు పోయిందో అడగాలి. కళ్లు కడుక్కునే నల్లా ఆసిడ్ తొట్టికి పది సెకన్ల నడకలో ఉండాలి, 15 నిమిషాలు ఆగకుండా నీళ్లు రావాలి. తిప్పి చూడండి. తుప్పు నీళ్లు ఎంతసేపు వస్తాయో కూడా లెక్కపెట్టండి.

ఆడిట్ కాగితం మీద ఎంత నమ్మకం పెట్టొచ్చు అనేదానికి కొలమానంగా కరాచీ ఉదంతం ఒకటి చాలు. 2012 సెప్టెంబర్ 11న అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే వస్త్ర కర్మాగారంలో మంటలు లేచి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఇనుప చువ్వలు, మూసి ఉన్న దారులు. ఆ కర్మాగారానికి కొద్ది వారాల ముందే ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది. కాబట్టి స్మెటా రిపోర్టు శుభ్రంగా వచ్చిందని వెనక తలుపు తాళం మళ్లీ వేయకండి.

లోపాలు మూసే ప్రక్రియ బాగానే ఉంటుంది, ఈ సేవలో చెప్పుకోదగ్గ మంచి భాగం. కొన్ని లోపాలకు ఫొటోలు, పత్రాలు అప్‌లోడ్ చేస్తే ఆడిటర్ టేబుల్ దగ్గరే చూసి మూసేస్తాడు: సిలిండర్లు, తలుపులు, పరీక్ష సర్టిఫికెట్లు. జీతాలు, గంటలు అలా మూయరు, మళ్లీ మనిషి రావాలి. అందుకే ఫాలో-అప్ ఫీజు ముందే మాట్లాడుకోమన్నది. ఫొటో తీసేటప్పుడు మొదటి ఫొటో తీసిన కోణంలోనే తీయండి, తేదీ కనబడాలి. ఎక్కడిదో తెలియని తలుపు ఫొటో పంపి రెండు వారాలు పోగొట్టుకోవడం సర్వసాధారణం.

ఎకోవాడిస్ అడిగిన కస్టమర్లకు స్మెటా పంపితే సరిపోదు. అది వేరే సరుకు. 2007లో పారిస్‌లో మొదలైన ఈ రేటింగ్ సంస్థ మీ షెడ్డుకు రాదు, పత్రాలు చూసి 100కి స్కోరు ఇస్తుంది: పర్యావరణం, కార్మికులు-మానవ హక్కులు, నైతికత, బాధ్యతగల కొనుగోళ్లు. స్కోర్‌కార్డు ఏడాది చెల్లుతుంది. పతకాలు ఇతరులతో పోల్చి ఇస్తారు. మొదటి 35 శాతంలో ఉంటే కంచు, 15లో వెండి, 5లో బంగారం, 1లో ప్లాటినం. అంటే మీరు నిరుడు చేసిందే చేసినా పక్కవాళ్లు పెరిగితే మీ పతకం పోతుంది. ఇంగ్లిష్‌లో బాగా రాయగల ఉద్యోగి ఉన్న యూనిట్‌కు మార్కులు పడతాయి, నిజంగా మంచి యూనిట్ రాతకోతలు లేక వెనకబడుతుంది. కార్మికుడి నోరు వినే ఒక్క కారణానికి మేం స్మెటానే పైన పెడతాం.

ఇవేవీ ఇంకా ఎవరూ అడగని చిన్న యూనిట్‌కు కేంద్రం 2022లో తెచ్చిన జెడ్ (జీరో డిఫెక్ట్ జీరో ఎఫెక్ట్) సర్టిఫికేషన్ పథకం మంచి మొదటి మెట్టు. కంచు, వెండి, బంగారు స్థాయిలు, సూక్ష్మ యూనిట్లకు ఫీజులో 80 శాతం, చిన్నవాటికి 60 శాతం రాయితీ, మహిళల యాజమాన్యంలో ఉంటే పూర్తి ఉచితం. విదేశీ కొనుగోలుదారు దీన్ని స్మెటాకు బదులుగా ఒప్పుకోడు. కానీ ఫైళ్లు సర్దుకోవడం నేర్పుతుంది.

అసలు లోటు సేవలో కాదు, దాన్ని అడిగే చేతిలో ఉంది. ఓటీ రెట్టింపు చేస్తే నెలకు 70,000 భారమని పైన లెక్క వేశాం. నెలకు రెండు లక్షల పీసులు చేసే యూనిట్‌లో అది పీసుకు 35 పైసలు. ఆ 35 పైసలు రేటులో కలపమని సస్టైనబిలిటీ మేనేజర్‌ను అడిగితే 'అది పర్చేజ్ వాళ్లను అడగండి' అంటారు. పర్చేజ్ వాళ్లు అదే వారం ఏటా ఇవ్వాల్సిన కాస్ట్-డౌన్ (ధర తగ్గింపు) పట్టిక పంపుతారు. డ్రాయింగ్ రివిజన్ గురువారం ఇచ్చి సోమవారం సరుకు కావాలంటారు, ఆదివారం ఎవరు పనిచేశారని మాత్రం ఆడిటర్ మనల్ని అడుగుతాడు. ఆడిట్ ప్రశ్నావళిలో కొనేవాడి లీడ్ టైమ్‌కు, చెల్లింపు రోజులకు గడి లేదు. చట్టంలో ఉంది: సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోగా చెల్లించాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం, ఆలస్యమైతే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ నెలనెలా చక్రవడ్డీగా. గడువు దాటిన మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపుకోనివ్వని ఆదాయపు పన్ను సెక్షన్ 43బీ(హెచ్) 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మీ ఉద్యం (ఎంఎస్ఎంఈ రిజిస్ట్రేషన్) సర్టిఫికెట్ కాపీ కస్టమర్ అకౌంట్స్‌లో రికార్డయి ఉందో లేదో కనుక్కోండి. కోడ్ ఆఫ్ కండక్ట్ సంతకం పెట్టి పంపే కవరింగ్ లెటర్‌లోనే దాన్ని జతచేస్తే ఎవరికీ నొప్పి ఉండదు.

వేరే దారి ఉందని చూపినవాళ్లూ ఉన్నారు. లీవైస్ 2014లో ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీతో కలిసి, ప్యూమా 2016 నుంచి బ్యాంకులతో కలిసి, వాల్‌మార్ట్ 2019లో హెచ్‌ఎస్‌బీసీతో కలిసి ఒక ఏర్పాటు చేశాయి: సామాజిక, పర్యావరణ స్కోరు బాగున్న సప్లయర్‌కు బిల్లు డిస్కౌంటింగ్ (బిల్లు మీద గడువుకు ముందే డబ్బు తీసుకోవడం) వడ్డీ తక్కువ. స్కోరుకు రూపాయల్లో ధర కట్టారన్నమాట. మీ కస్టమర్‌కు ఇలాంటిది ఉందా అని అడగడంలో పోయేదేం లేదు. ఉండి కూడా చిన్న వెండర్లకు చెప్పని సందర్భాలు ఉంటాయి.

ఎవరు కొనాలి? ఎగుమతి చేసే కస్టమర్లు ఇద్దరు ముగ్గురున్న యూనిట్ తప్పక. ఒక్క రిపోర్టును అందరికీ లింక్ చేయొచ్చు, నలుగురి నాలుగు ఆడిట్ల గొడవ తప్పుతుంది. ఒక్క కస్టమర్ మాత్రమే అడిగితే, బుక్ చేసేముందు అతనికి ఒక మెయిల్ రాసి జవాబు తెప్పించుకోండి: టూ పిల్లరా ఫోర్ పిల్లరా, తేదీ చెప్పి వచ్చేదా, కొన్ని వారాల వ్యవధిలో ఎప్పుడైనా వచ్చేదా, ఏ ఆడిట్ కంపెనీలను ఒప్పుకుంటారు, రిపోర్టు ఎన్నాళ్లు చెల్లుతుంది, ఫీజులో వాళ్ల వాటా ఎంత. చివరి ప్రశ్నకు చాలాసార్లు జవాబు రాదు, అయినా రాయండి. కన్సల్టెంట్‌ను పెట్టుకుంటే మాక్ ఆడిట్ వరకే. ప్రశ్నావళి మాత్రం జీతాలు వేసే మనిషే నింపాలి. ఎందుకంటే ఆడిట్ రోజు జవాబు చెప్పాల్సింది అతనే.

తేదీ దగ్గర జాగ్రత్త. ఆయుధ పూజ ముందు వారం షెడ్డు తళతళలాడుతుంది గానీ మెషిన్లు సగం ఆగి ఉంటాయి, పని జరగని రోజు ఆడిట్ చెల్లదనొచ్చు. సంక్రాంతి వారం అసలే వద్దు. తెలుగు హెల్పర్లలో సగం మంది ఊళ్లో ఉంటారు, ఇంటర్వ్యూకు 26 మంది కావాలంటే గేటు దగ్గర వాచ్‌మన్‌తో కలిపి 19 మందే తేలతారు.